మన సంఘం దేనికి పెట్టుకున్నాం?

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు ఒక టిక్కీ (మిర్చి బస్తా) దగ్గర నిలబడేది నిమిషం కూడా ఉండదు. సంచిలోంచి గుప్పెడు కాయ తీస్తాడు. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, ఒక కాయ విరిచి గింజ చూస్తాడు. గుప్పిట్లో నలిపితే తేమ ఎంతుందో వేళ్లకే తెలిసిపోతుంది. తెల్లబారిన తాలు కాయ నాలుగు కంటపడితే రేటు అక్కడికక్కడే తగ్గుతుంది. నారు పోసిన నాటినుంచి కల్లంలో ఆరబోసి ఎత్తేదాకా నెలల తరబడి చేసిన సేద్యానికి విలువ కట్టేది ఆ నిమిషమే. పాతికో యాభయ్యో టిక్కీలు తెచ్చుకుని ఒంటరిగా నిలబడిన రైతుకు అక్కడ బేరమాడే సందు దొరకదు.

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో రైతులు సంఘాలు కట్టుకోవడం వెనక ఉన్న అసలు కారణం ఇదే. చట్టాలు కూడా దారి ఇచ్చాయి. సర్కారు పెత్తనం లేని సహకార సంఘాల కోసం 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి, రైతులే వాటాదారులుగా ఉండే ఉత్పత్తిదారుల కంపెనీకి చోటు కల్పించారు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం దేశమంతటా 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, అంటే మనం ఎఫ్‌పీఓలు అంటున్నవి, ఏర్పాటు చేసే పథకం మొదలుపెట్టింది. ఆ పథకం కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలన్నారు. నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు ఇస్తామన్నారు. సభ్యులు కట్టిన వాటా ధనానికి సమానంగా, మనిషికి 2,000 రూపాయలకు మించకుండా, సంఘానికి 15 లక్షల వరకు కలుపుతామన్నారు.

రిజిస్ట్రేషన్ పెద్ద పని కాదు. ఆ తర్వాత సంఘాన్ని నడపడమే పని. దానికి కారణం ఆ సంఘం స్వభావంలోనే ఉంది. జిన్నింగు మిల్లు యజమాని తన గుమస్తాకు పని చెబితే జరిగి తీరుతుంది. ఎఫ్‌పీఓ అధ్యక్షుడికి ఆ వీలు లేదు. ఆయన ఎదుట కూర్చున్న 300 మందీ ఆయనలాంటి రైతులే. ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాలు ఎన్ని ఉన్నా వ్యక్తిగత సభ్యుడికి ఓటు ఒకటే. ఒకరు వరసకు బాబాయి, ఇంకొకరు బావమరిది, మరొకరు పోయిన పంచాయతీ ఎన్నికల్లో ఎదురు నిలిచినవాడు. ఎవరినీ గదమాయించలేం, ఎవరినీ తీసెయ్యలేం. ఇలాంటి చోట పెద్దరికానికి ఉన్న ఆధారం ఒక్కటే: ‘ఈ సంఘం దేనికి?’ అన్న ప్రశ్నకు అందరికీ అర్థమైన, అందరూ ఒప్పుకున్న ఒక్క జవాబు. ఆ జవాబు మసకబారిందంటే అధ్యక్షుడి మాటకు బలం ఉండదు.

చాలా సంఘాల నియమావళి తెరిచి చూస్తే ‘సభ్యుల సమగ్ర ఆర్థిక, సామాజిక అభివృద్ధి’ అని రాసి ఉంటుంది. తప్పేమీ లేదు, కానీ దాంతో ఏ పనీ జరగదు. ఏ ప్రతిపాదన వచ్చినా దానికింద ఇమిడిపోతుంది కాబట్టి, దేన్ని చేపట్టాలో దేన్ని ఆపాలో అది చెప్పలేదు. దాని బదులు ఇలా రాసుకున్నారనుకోండి: ‘మన అయిదు ఊళ్ల సభ్యుల ఎండు మిర్చిని తాలు ఏరి, తేమ చూసి, ఒకే రాశిగా అమ్మి, ఎవరికి వాళ్లు అమ్ముకుంటే వచ్చేదానికన్నా క్వింటాకు నాలుగు డబ్బులు ఎక్కువ చేతిలో పెట్టాలి.’ ఇందులో ఎవరికోసమో ఉంది, ఏ పంటో ఉంది, ఏం చేస్తామో ఉంది, గెలిచామో లేదో ఎలా తెలుస్తుందో కూడా ఉంది. చదువు రాని సభ్యుడు సైతం ఇంటికెళ్లి భార్యకు చెప్పగలడు. దార్శనికత అనే పెద్ద మాటకు నా దృష్టిలో ఇంతకన్నా అర్థం అక్కర్లేదు.

దీనికి లెక్క కూడా జతపడాలి. ఒక సంఘంలో 300 మంది సభ్యులు, తలా ఎకరంన్నర మిర్చి, ఎకరానికి 20 క్వింటాళ్ల దిగుబడి అనుకుందాం. మొత్తం 9,000 క్వింటాళ్లు. టిక్కీకి 45 కిలోల చొప్పున 20,000 టిక్కీలు. మొదటి ఏడే అంతా సంఘం ద్వారా అమ్మిస్తామని సభలో చప్పట్ల మధ్య ప్రకటించే అధ్యక్షులుంటారు. ఆ ప్రకటనతోనే సంఘానికి కష్టాలు మొదలవుతాయి, ఎందుకంటే ఆ 20,000 టిక్కీల్లో చాలా భాగం రైతు చేతిలో ఉన్నట్టు కనపడుతుందే గాని, అతని ఇష్టప్రకారం అమ్ముకోగలిగింది కాదు.

ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి. మిర్చి సేద్యానికి పెట్టుబడి భారీగా కావాలి. విత్తనం ఖరీదు, మందులు ఖరీదు, కోత కూలీ అన్నిటికన్నా ఖరీదు. బ్యాంకు అప్పు చాలదు, కౌలు రైతుకైతే అది పుట్టడమే కష్టం. ఆ లోటు పూడ్చేది చాలాచోట్ల యార్డులోని కమీషన్ వ్యాపారి. పెట్టుబడికి డబ్బిచ్చినప్పుడే పంట తన కొట్టుకే రావాలన్న మాట ఉంటుంది. కాగితం మీద లేకపోయినా ఆ మాట గట్టిది. పైగా ఆయన కేవలం అప్పులవాడు కాదు. పిల్ల పెళ్లికి, అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చుకు ఫోన్ చేస్తే పలికే మనిషి. కొత్తగా పెట్టిన సంఘం ఆ స్థానంలోకి ఒక్క ఏడాదిలో రాలేదు. ఈ సంగతి తెలియక ‘సంఘానికి అమ్మని సభ్యుడు ద్రోహి’ అని సభలో అనేసిన అధ్యక్షుడు, మరుసటి సమావేశానికి సగం మందిని పోగొట్టుకుంటాడు. వాళ్లు ద్రోహులు కారు, బాకీదారులు.

కాబట్టి చూపు స్పష్టంగా ఉండటమంటే దూరంగా ఉన్నదాన్ని చూడటంతో పాటు కాళ్ల కింద ఉన్నదాన్ని కూడా చూడటం. తెలివైన అధ్యక్షుడు ముందు ఇంటింటికీ తిరిగి, ఎవరి పంటలో ఎంత భాగం బాకీ లేనిదో గౌరవంగా అడిగి తెలుసుకుంటాడు. అలా తేలింది పదో వంతే అయితే మొదటి ఏడు లక్ష్యం 2,000 టిక్కీలు. అంటే 900 క్వింటాళ్లు. క్వింటాకు 300 రూపాయలు ఎక్కువ తెచ్చినా సభ్యులకు అదనంగా అందేది 2 లక్షల 70 వేలు. సభలో చెప్పుకోవడానికి చిన్న అంకెలా ఉంటుంది. కానీ అది నిజంగా ఎవరి చేతికో అందిన డబ్బు. రెండో ఏడు పదో వంతు పావు వంతు కావడానికి దాన్ని మించిన ప్రచారం లేదు.

ఇక సంఘాన్ని దారి మళ్లించేవాటి సంగతి. చెడ్డ ప్రతిపాదన వస్తే సభ్యులే తిప్పికొడతారు. దారి మళ్లించేవన్నీ మంచి ప్రతిపాదనలే. ఏ సంఘం సమావేశంలో కూర్చున్నా ఇలాంటి మాటలు వినపడతాయి. “ప్రెసిడెంటు గారూ, ఎరువుల లైసెన్సు తీసుకుందామండీ, బస్తాకు ఇంత మిగులుద్ది.” “బాబాయ్, డ్రోనుకు సబ్సిడీ ఇస్తన్నారంట, దరఖాస్తు పెట్టేద్దాం.” “కాయ అమ్మితే ఏమొస్తది అన్నా, కారం మిల్లు పెట్టి మన పేరుతోనే ప్యాకెట్లు కొడదాం.” ఒక్కటీ తీసిపారేయాల్సింది కాదు. కానీ ఎరువుల కొట్టు పెడితే సంఘం డబ్బంతా సరుకులో ఇరుక్కుంటుంది, అరువు అడిగేవాళ్లందరూ బంధువులే కనుక వసూలు మొహమాటమవుతుంది. కారం మిల్లుకు ఆహార భద్రత లైసెన్సు, ప్యాకింగు, ఊరూరా తిరిగి అమ్మే మనుషులు కావాలి. సంఘానికున్నది జీతం తీసుకునే సీఈఓ ఒకడు, లెక్కలు రాసే పిల్ల ఒకతె. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతలు ముమ్మరమైనప్పుడు వాళ్లిద్దరూ డ్రోను రిపేరు కోసం విజయవాడలో ఉంటే కల్లాల్లో తేమ చూసేదెవరు?

అప్పుడు అధ్యక్షుడు వేయాల్సిన ప్రశ్న ఒకటే ఉంది: “ఇది చేస్తే ఈ ఏడు మన 2,000 టిక్కీలు పెరుగుతాయా, రేటు పెరుగుతుందా?” టార్పాలిన్లు, తేమ కొలిచే మీటరు కొందామంటే అవును. డ్రోను అంటే ఈ ఏడు కాదు. కారం మిల్లు అంటే మూడో ఏడు చూద్దాం. ఆ ‘చూద్దాం’ మాటను గాలికి వదలకుండా మినిట్స్ పుస్తకంలో విడిగా ఒక పేజీ పెట్టి, ఎవరు చెప్పారో పేరుతో సహా రాయించాలి. తన ఆలోచన పుస్తకంలో ఉందని తెలిసిన మనిషి అవమానపడడు. సమానుల మధ్య ‘వద్దు’ అన్న మాట కన్నా ‘ఎప్పుడు’ అన్న మాట ఎక్కువ దూరం పోతుంది.

సహకారోద్యమానికి ఆదిగా చెప్పుకునే ఇంగ్లాండు రోచ్‌డేల్ కథలో ఇదే కనపడుతుంది. 1844లో అక్కడ 28 మంది కలిసి సంఘం పెట్టుకున్నారు, వాళ్లలో నేతపనివాళ్లూ ఉన్నారు. రాసుకున్న ఆశయాలు చూస్తే తల తిరుగుతుంది: సభ్యులకు ఇళ్లు కట్టించడం, సొంతంగా వస్తువులు తయారుచేయడం, భూమి తీసుకుని సాగుచేయడం, తమ కాళ్ల మీద తాము నిలబడే ఒక కాలనీ, మద్యం లేని హోటల్. కానీ ఆ ఆశయాల పట్టికలో మొదటిది సరుకుల దుకాణం. 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో తలుపు తెరిచినప్పుడు ఆ కొట్లో ఉన్నవి వెన్న, చక్కెర, గోధుమ పిండి, ఓట్ పిండి, కొవ్వొత్తుల వంటి నాలుగైదు సరుకులే. కల్తీ లేకుండా, సరైన తూకంతో, రొక్కానికే అమ్మారు. పెద్ద కలను వాళ్లు చంపుకోలేదు, వరసలో పెట్టుకున్నారు. సంఘం నడిపేవాళ్లు రోచ్‌డేల్ సూత్రాలు బట్టీపట్టే ముందు ఈ వరసను గమనిస్తే మేలని నాకు అనిపిస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. మన ఊళ్లలో డ్వాక్రా అక్కచెల్లెళ్లకు పంచసూత్రాలు నోటికొచ్చు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులివ్వడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. గ్రూపుకు పది పదిహేను మంది ఆడవాళ్లు, వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు బ్యాంకు గుమ్మం తెలియదు, కోట్ల రూపాయల లావాదేవీల వ్యవస్థను ఈ అయిదు మాటల మీద నిలబెట్టారు. మంచి లీడరు లేకపోయినా నడిచిన గ్రూపులున్నాయి గాని, ఈ అయిదూ వదిలేసి నడిచిన గ్రూపు అరుదు. ఆ తర్వాత ఆరోగ్యం, చదువు, ప్రభుత్వ పథకాలు అంటూ సూత్రాల సంఖ్య పెరిగింది. సర్వేలు, సభలకు జనాన్ని పోగేసే పనులు కూడా వాళ్ల నెత్తిన పడుతున్నాయి. ఆ బరువు పెరిగిన కొద్దీ పొదుపు సమావేశానికి మిగిలే సమయం తగ్గుతుంది. అది వాళ్ల తప్పు కాదు. బాగా పనిచేసే సంఘం కనపడితే ప్రతివాళ్లూ తమ పని దానికి అప్పజెప్పాలనుకుంటారు. ఎఫ్‌పీఓలకూ ఈ ఒత్తిడి తప్పదు. దాన్ని తట్టుకోవాల్సింది నడిపేవాడే.

స్పష్టత అసలు పరీక్షకు నిలబడేది తూకం దగ్గర. సరిగ్గా ఎండని కాయలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్ దేశాలు ఎండు మిర్చిలో దాన్ని కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములకు మించనివ్వవు. కిలోలో అది కంటికి కనపడేది కాదు, చేతికి తగిలేది కాదు. రాశిగా కలిపి అమ్మేటప్పుడు ఒక సభ్యుడి తడి టిక్కీ మిగతా అందరి కాయకూ చేటు. అలాంటి టిక్కీ అధ్యక్షుడి సొంత బావమరిదిదే వచ్చిందనుకోండి. మీటరు పెడితే తేమ ఎక్కువుంది. “ఏంది బావా, నా కాయే తిప్పి పంపుతావా?” అంటాడు అతను, పదిమంది చూస్తుండగా. ఆ క్షణంలో అధ్యక్షుడు తన సొంత అధికారంతో మాట్లాడితే అది ఇంటి గొడవవుతుంది. గోడ మీద రాసి పెట్టుకున్న సంఘం లక్ష్య వాక్యాన్ని, చేతిలో ఉన్న మీటరును చూపించి, “రెండు రోజులు ఎండబెట్టుకుని తీసుకురా, నీ వంతు ఎక్కడికీ పోదు” అనగలిగితే మాట నిలుస్తుంది. ఆ ఒక్క టిక్కీని మొహమాటపడి తీసుకుంటే మర్నాడు వచ్చే ప్రతి టిక్కీకీ ఒక చుట్టరికం ఉంటుంది.

ఈ నేల మీదే జరిగిన ఒక పెద్ద ఉదాహరణ ఉంది. వ్యాపార సంఘం కాదు గాని, సమానులను నడిపించడం గురించి దానికన్నా బాగా చెప్పేది నాకు తట్టదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను భారం పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఎదురు తిరిగారు. కోరిక ఒక్కటే: మాకు మునిసిపాలిటీ వద్దు. 1921లో గాంధీజీ చీరాల వచ్చి వెళ్లాక, ఊరి జనంలో అత్యధికులు ఇళ్లు వదిలి, మునిసిపల్ హద్దు దాటి రామనగరం అని పేరు పెట్టుకున్న పాకల్లోకి మారిపోయారు. నేతగాళ్లు, వ్యాపారులు, కూలీలు ఎండలో వానలో 11 నెలలు అక్కడే ఉన్నారు. ఎవరూ ఎవరి నౌకరు కాదు, జీతం లేదు, జరిమానా లేదు. అంత జనాన్ని అన్నాళ్లు కలిపి ఉంచింది ఆ కోరికలోని స్పష్టతే.

అయితే రెండో భాగం కూడా చెప్పుకోవాలి. బరంపురంలో ప్రసంగం విషయమై గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది జైలుకు పంపారు. డబ్బు కొరత, పాకల్లో పడ్డ బాధలు, వాటికి తోడు నాయకుడు లేని లోటు కలిసి ఉద్యమం సన్నగిల్లింది, జనం తిరిగి ఊళ్లోకి వచ్చారు. ఆయనంతటి మనిషి స్థానాన్ని వెంటనే భర్తీ చేయడం ఎవరికి సాధ్యం? కాని సంఘం నడిపేవాళ్లు దీన్ని తమకు అన్వయించుకోవాలి. ఎక్కడికి పోతున్నామో ఎందరికి తెలిసినా, తర్వాతి అడుగు ఏమిటో ఒక్కడికే తెలిస్తే, ఆ ఒక్కడు మంచాన పడ్డ రోజున సంఘమూ మంచాన పడుతుంది. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, బ్యాంకు మేనేజరుతో మాటలు, బాకీల లెక్కలు అధ్యక్షుడి జేబులో ఉన్న సంఘాలెన్నో. ఒక సమావేశానికి కావాలనే వెళ్లకుండా, వేరేవాళ్లు నడిపేలా చూడటం అధ్యక్షుడు చేయగల మంచి పనుల్లో ఒకటి.

ఒకే దారి పట్టుకుని నడవడంలో ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. సంఘంలో అందరూ ఒకే నేల, ఒకే పంట, ఒకే యార్డు చూసేవాళ్లు. ఒకడి కంటికి అందనిది పక్కవాడికీ అందదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి వేసినవాళ్లందరూ ఒకరిని చూసి ఒకరు కొత్త రకం పురుగుమందులు విపరీతంగా కొట్టారు. పచ్చపురుగు మందుకు లొంగడం మానేసింది, తెల్లదోమ పెరిగింది, పంట పోయింది, అప్పులు మిగిలాయి. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ చేలల్లో చాలావాటిలోకి తర్వాత మిర్చి వచ్చింది. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతను మాడ్చేసింది. సరుకు తగ్గి ధర పెరిగింది, ధర చూసి విస్తీర్ణం పెరిగింది, 2025 నాటికి ధర ఎంత పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. రేటు బాగున్న ఏడాది సంఘంలో అందరూ ‘ఇంకో ఎకరం’ అంటుంటే, ‘ఆగండి’ అనేవాడు ఒకడుండాలి. ఆ మాట లోపలివాడు అంటే అసూయ అనుకుంటారు. అందుకే లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్తనో, స్పైసెస్ బోర్డు అధికారినో, కోల్డ్ స్టోరేజీల్లో ఎంత నిల్వ ఉందో తెలిసిన మనిషినో ఏడాదికి ఒకటి రెండుసార్లు పిలిచి, సభ్యుల ముందు కూర్చోబెట్టడం అవసరం. చూపు ఒక్కచోట నిలపడానికి, కళ్లకు గంతలు కట్టుకోవడానికి తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఒకే దారి అంటే ఒకే పని అనీ కాదు. తెలంగాణలో ములుకనూరు సహకార సంఘం 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి పూనికతో మొదలైంది. అప్పులు, ఎరువులు, విత్తనాలు, పంట కొనుగోలు, బియ్యం మిల్లు, ఇలా దాని పనులు ఎన్నో. ఇన్ని పనులు చేసి కూడా అది చెదిరిపోలేదేం అని ఎవరైనా అడగవచ్చు. ఆ పనులన్నీ చుట్టుపక్కల 14 గ్రామాల సభ్య రైతుల కోసమే. పేరు దేశమంతా పాకినా హద్దు పెంచుకోలేదు. మన సంఘాలు కొన్ని పంట దగ్గర గిరి గీసుకోవచ్చు, కొన్ని ఊళ్ల దగ్గర గీసుకోవచ్చు. గిరి ఎక్కడ గీయాలన్నది ఆ సంఘం ఇష్టం, అది లేకపోవడమే ఇబ్బంది.

గీసిన గిరి శాశ్వతం కానక్కర్లేదు. దాన్ని మార్చడానికి ఒక వేళ పెట్టుకుంటే మధ్యలో ఎవరు పడితే వాళ్లు మార్చరు. మన ప్రాంతానికి ఆ వేళ వేసవి చివర. అప్పటికి మిర్చి అమ్మకాల హడావుడి తగ్గుతుంది, విత్తనాల కొట్ల ముందు రద్దీ ఇంకా మొదలవదు. ఆ సర్వసభ్య సమావేశంలో మూడు అంకెలు పెద్దగా చదివి వినిపించాలి: సంఘం ద్వారా ఎన్ని టిక్కీలు అమ్మాం, క్వింటాకు బయటికన్నా ఎంత ఎక్కువ వచ్చింది, తేమకూ తాలుకూ ఎన్ని టిక్కీలు తిప్పి పంపాం. తర్వాత ‘చూద్దాం’ పేజీ తెరిచి అందులోని పేర్లు చదవాలి, ఆ సభ్యులనే లేచి మాట్లాడమనాలి. పోయినేడు రాసుకున్న వాక్యాన్ని ఉంచుతారా, ఒక మాట మారుస్తారా, కారం మిల్లుకు వేళయిందా అన్నది అప్పుడు ఓటుకు పెట్టవచ్చు. ఉత్పత్తిదారుల కంపెనీలో డైరెక్టర్ల పదవీకాలం చట్టప్రకారం ఏడాదికి తక్కువ కాకుండా అయిదేళ్లకు మించకుండా ఉంటుంది కనుక, అధ్యక్షుడు కొనసాగాలా అన్న మాట కూడా మొహమాటం లేకుండా అక్కడే తేల్చుకోవచ్చు. ఏది తేలినా, లేచి వెళ్లేలోపు కొత్త వాక్యాన్ని పుస్తకంలో రాయించి, వెనక వరసలో కూర్చున్న ఒక సభ్యుడి చేత పైకి చదివించాలి.